పద్నాలుగో పాయింటు

కట్టడం పూర్తయిన భవనాన్ని యజమానికి అప్పగించే ముందు దాని చుట్టూ తిరిగి లోపాలన్నీ రాయడం నా ఉద్యోగం. పాల్వంచలో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాను. గోడ మీద సుద్దముక్కతో సున్నా చుట్టి పక్కన నంబరు వేస్తాను. చేతిలోని కాగితం మీద అదే నంబరు వేసి ఎదురుగా లోపం రాస్తాను. ప్లాస్టరింగులో పగులు, తలుపు కింద సందు, వాలు తప్పిన బాత్రూం నేల. దీన్ని మేం స్నాగ్ లిస్టు అంటాం. చేరిన మొదటి వారం మూడు గదుల షెడ్డుకు ఆరు లోపాలు రాసి తీసుకెళితే మా సీనియరు ఆ కాగితాన్ని నా వైపే నెట్టేశాడు.

"ఆరేనా? పది దాటకపోతే నువ్వు బిల్డింగ్ తిరగలే, కుర్చీల కూసోని రాసినవ్ అంటరు. పో, మళ్ల తిరిగిరా."

మళ్లీ తిరిగాను. పదమూడు రాశాను. అందులో నిజమైన లోపాలు తొమ్మిది. మిగతా నాలుగు స్విచ్‌బోర్డు మీద సిమెంటు మరక, కిటికీ అద్దం మీద వేలిముద్ర లాంటివి. సీనియరు చూసి సంతకం పెట్టాడు. ఆ రోజు నుంచి నేను ఏ లిస్టునూ పదికి తక్కువ రాయలేదు. చెప్పబోయే సంగతి అక్కడే మొదలైంది కాబట్టి దీన్ని ముందు చెబుతున్నాను.

మాఘమాసంలో ఒక ఆదివారం, చర్చిలో ప్రార్థన అయిపోయాక అమ్మ భద్రాచలం పోదామంది.

"గుడికి కాదు రా, పడవకు. మా సంఘంల ఆడోళ్లందరు ఎక్కొచ్చిన్రు. ఊరంత ఏట్ల నుంచి చూపెడతరంట. ఎవరో పెద్దాయన మైకుల చెప్తుంటే నవ్వలేక సచ్చినం అంటున్నరు."

బండి మీద వెళ్లాం. స్నానఘట్టం దగ్గర ఎక్కించుకుని, వంతెనల కింది దాకా తీసుకెళ్లి, అక్కడ తిప్పి, కరకట్ట వెంబడే ఊరి చివరి దాకా పోయి తిరిగి తెచ్చే పడవ అది. మొత్తం నలభై నిమిషాలు. రేకుల కప్పు, వరుసగా ప్లాస్టిక్ కుర్చీలు, వెనక ఇంజను. పనిచేసేవాళ్లు ఇద్దరే. ఒకరు డ్రైవరు. రెండోవాడు చెప్పేవాడు. అరవై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు, ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు. ఒకప్పుడు పాపికొండల వైపు లాంచీలు నడిపిన సరంగు అని పక్క కుర్చీవాళ్లు చెప్పారు. మైకు వైరు జారిపోకుండా దారంతో మణికట్టుకు కట్టుకున్నాడు.

"అమ్మలారా, అయ్యలారా, ఎడమ పక్కకు జూడుండ్రి."

అందరం ఎడమకు తిరిగాం. అటు నీళ్లు, ఆవల ఇసుక తప్ప ఏమీ లేవు. ఆయన మాకు ఎదురుగా నిలబడి తన ఎడమ చెబుతున్నాడు.

"అరె, నా ఎడమ కాదు, మీ ఎడమ గూడ కాదు. గుడి దిక్కు జూడుండ్రి. దేవునికి ఎడమ కుడి ఏంది?"

పడవంతా నవ్వింది. నేను ఫోను తీసి ఒకటి అని అంకె వేసుకున్నాను.

నది మీద నుంచి భద్రాచలం చూడటం నాకు అదే మొదటిసారి. బస్సులో వంతెన దాటేటప్పుడు కనిపించేది వేరు. పడవలో కూర్చుంటే కరకట్ట మన తల కంటే ఎత్తున, రాళ్లు పేర్చిన పొడవాటి వాలులా, ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు సాగుతుంది. దాని అంచు మీద నుంచి ఊరు తొంగిచూస్తుంది. తెల్లని గోపురం, దాని పక్కన మండపం కప్పు, రంగురంగుల లాడ్జీలు, నీళ్ల ట్యాంకు, సెల్ టవరు, కాస్త దూరంలో ఒక చర్చి శిలువ. అమ్మ శిలువ కనిపించగానే నా మోచేతిని పట్టి చూపించింది.

పెద్దాయన ఒక్కో కట్టడం దగ్గర ఒక్కో కథ చెప్పాడు. గోపురం ఎత్తు రెండు తాటిచెట్లు, మీద ఒక మనిషి అన్నాడు. స్నానఘట్టానికి ఎన్ని మెట్లో వెళ్లేటప్పుడు ఒకటి చెప్పాడు, వచ్చేటప్పుడు ఇంకొకటి చెప్పాడు. కరకట్ట మీద గులాబి రంగు లాడ్జి కనిపించగానే గొంతు పెంచాడు.

"గీ లాడ్జి జూశిన్రా? అయిదంతస్తులు. దీని ఓనరు పెండ్లికి అవుతలి ఒడ్డు నుంచి బ్యాండుమేళం నా పడవలనే తెచ్చిన. నడి ఏట్లకు రాంగనే క్లారినెట్టాయన కక్కుకున్నడు. గా పెండ్లిల పాటనే లేదు. ఉట్టి డోలే. గందుకే ఓనరు ఇప్పటికీ పెండ్లాం మాట వినడు, చెవుల డోలు మోగుతనే ఉంటది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను అంతస్తులు లెక్కపెట్టాను. నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. నాలుగే. రాసుకున్నాను.

ఊరి చివర కట్ట రాళ్ల మధ్య ఒక తూము ఉంది. లోపలి కాలనీల నీళ్లు ఏట్లోకి వదిలే దారి. ఇనుప షట్టరు, చుట్టూ తుమ్మ పొదలు. అక్కడికి రాగానే ఆయన చెయ్యెత్తాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"రెండు నిమిషాలు ఎవ్వరు మాట్లాడొద్దు."

ఏదో మొక్కు అనుకున్నారు చాలామంది. ఇద్దరు ముగ్గురు కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నారు. పెద్దాయన మాత్రం దండం పెట్టలేదు. కడ్డీ మీద నుంచి వంగి నీళ్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. అమ్మ నా చెవి దగ్గరకు వంగింది.

"ఆయన నీళ్లల్ల ఏందో చూస్తుండు రా."

"ఏం లేదమ్మా, టైంపాస్" అన్నాను.

దిగేసరికి నా ఫోనులో తొమ్మిది పాయింట్లు ఉన్నాయి. ఒడ్డున టికెట్ల బల్ల దగ్గర మేనేజరు అభిప్రాయాల పుస్తకం నా ముందుకు జరిపాడు. "రెండు ముక్కలు రాయండి సార్" అన్నాడు. తెరిచి చూస్తే పేజీలో పద్నాలుగు గీతలున్నాయి. అంతకుముందు రాసినవాళ్లు సూపర్, చాలా బాగుంది, దేవుడు మిమ్మల్ని దీవించుగాక అని రాసి మిగతా గీతలు వదిలేశారు. ఖాళీ గీత వదలడం నాకు చేతకాదు. తొమ్మిదీ రాశాను. పది కావాలని పెళ్లి బ్యాండు కథ అనవసరం అని రాశాను. పదకొండు, మైకుకు దారం కట్టడం చూడటానికి బాగాలేదు. పన్నెండు, పదమూడు కూడా అలాంటివే. చివరి గీత మిగిలింది. పెన్ను ఎత్తి కాసేపు ఆలోచించాను. ఏమీ తట్టలేదు. అమ్మ అవతల నిలబడి ఎండకు కొంగు కప్పుకుంటూ పిలుస్తోంది.

"వచ్చింది తిరగనీకి రా, పరీక్ష పేపర్లు దిద్దనీకి కాదు. జల్దీ రా."

పద్నాలుగో గీత మీద ఇలా రాశాను: తూము దగ్గర రెండు నిమిషాల నిశ్శబ్దం. చెప్పడానికి అక్కడ ఏమీ లేదు. తీసేయవచ్చు.

మూడో రోజు మేనేజరు, పుస్తకంలో నేను వేసిన నంబరుకు ఫోను చేశాడు. "సార్, మీ లెక్క ఎవ్వరు రాయలే. చదివినంక నాకే సిగ్గనిపించింది. మాటలు మీరే రాసియ్యండి, రికార్డు చేయించి స్పీకర్ల పెట్టేస్తం. రోజూ ఒక్క తీరుగ వస్తది" అన్నాడు. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పడానికి ఇప్పుడు మొహమాటంగా ఉంది. ఆ తర్వాతి ఆదివారం మళ్లీ పడవెక్కి ఫోనులో వేగం కొలిచాను. ఏ కట్టడం ఎన్నో నిమిషంలో కనిపిస్తుందో పట్టిక వేశాను. ప్రతి వాక్యాన్నీ గడియారం పెట్టుకుని చదివి, పడవ అక్కడికి చేరేసరికి ఆ మాట వచ్చేలా సర్దాను. తాటిచెట్లు పోయి మీటర్లు వచ్చాయి. కరకట్ట కట్టిన తీరు, రాతిపూత ఎందుకు వేస్తారు, వంతెన స్తంభాల మధ్య దూరం ఎంత, అన్నీ పెట్టాను. రెండు నిమిషాల నిశ్శబ్దం తీసేశాక మొత్తం ముప్పై ఎనిమిది నిమిషాలకు వచ్చింది. ఖమ్మంలో ఒక స్టూడియోలో ఎవరో అమ్మాయి చక్కని గొంతుతో చదివింది.

పెద్దాయన సంగతి ఏమవుతుందని నేను అడగలేదు. ఆ ప్రశ్న నా పట్టికలో ఏ గడిలోనూ లేదు.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం ఒక్కణ్ణే వెళ్లాను, నా మాటలు వినడానికి. పలక మీద నుంచి పడవలోకి అడుగుపెట్టేచోట పెద్దాయన నిలబడి అందరికీ లైఫ్ జాకెట్లు తొడుగుతున్నాడు. నా ముందు ఉన్న ఒకావిడ, "మైకుల చెప్తలేవా తాతా?" అని అడిగింది.

"నోటికి సెలవిచ్చిన్రు బిడ్డా, చేతులకు పని పెట్టిన్రు. ఊపిరి పీల్చు, బక్కెల్ వేస్త."

నన్ను గుర్తుపట్టలేదు. నా బక్కిలు కూడా అదే తీరుగా బిగించాడు. పడవ కదిలింది. అమ్మాయి గొంతు మొదలైంది. 'కరకట్ట పైన గులాబి రంగులో కనిపిస్తున్నది నాలుగు అంతస్తుల వసతి భవనం' అని చెప్పిన క్షణానికి సరిగ్గా లాడ్జి కనిపించింది. ఒక్క సెకను తేడా లేదు. నా ఒళ్లు పులకరించింది. పడవలో ఎవరూ నవ్వలేదు. అందరూ శ్రద్ధగా వింటున్నారని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు.

తూము దగ్గరకు వచ్చేసరికి పెద్దాయన వెనక నుంచి లేచి కడ్డీ దగ్గరకు వెళ్లాడు. పడవ ఆగలేదు. ఇంజను అలలు రాళ్లకు కొట్టుకుంటున్నాయి. ఆయన డ్రైవరుతో ఏదో అన్నాడు. డ్రైవరు తలెత్తకుండానే పైన ఉన్న స్పీకరు వైపు వేలు చూపించాడు. పెద్దాయన వెనక్కి వచ్చి కూర్చున్నాడు. మైకు పోయిందని బాధ కాబోలు అనుకున్నాను. పక్కకు వెళ్లి అడగడానికి నాకు నాలుగడుగుల దూరం. అడగలేదు.

ఆషాఢంలో వానలు పట్టుకున్నాయి. ఎగువ నుంచి ఏరు పెరుగుతోందని, మొదటి హెచ్చరికకు ఇంకా దూరమే ఉందని రోజూ టీవీలో చెబుతున్నారు. ఒక మధ్యాహ్నం కట్ట లోపలి కాలనీలో రెండు మూడు వీధులు మునిగాయని తెలిసింది. మూడోనాటికి నీళ్లు దిగాయి. మా చర్చి ఆడవాళ్లు అన్నం, పప్పు వండి గిన్నెలకెత్తారు. వ్యాను నడిపేవాడు దొరకలేదని అమ్మ నన్ను లేపింది.

కట్ట రోడ్డు మీద వ్యాను ఆపి, గిన్నెలు పట్టుకుని కాలనీలోకి దిగాం. దిగడం అంటే నిజంగా దిగడమే. సిమెంటు మెట్లు చాలా ఉన్నాయి. దిగాక వెనక్కి తిరిగి చూశాను. గులాబి రంగు లాడ్జి వెనకవైపు నా ముందు నిలబడి ఉంది. కట్ట కంటే దిగువన దాని వంటశాల, సామాన్ల గది, ఒక పొడుగు వరండా ఉన్నాయి. గోడల మీద బురద గీత అడ్డంగా ఉంది. ఆ పైన కట్ట ఎత్తు నుంచి మిగతా అంతస్తులు. పప్పు గిన్నె చేతిలోనే ఉంది. కింది నుంచి లెక్కపెట్టాను. అయిదు.

"ఏంది రా, గోడకు ఏం చూస్తున్నవ్? చెయ్యి కాలుతలేదా?" అంది అమ్మ.

రెండో వీధిలో ఒక ఇంటి ముందు పెద్దాయన రేకుతో బురద ఎత్తిపోస్తున్నాడు. అమ్మే ముందు గుర్తుపట్టింది.

"అన్నా, పడవల మైకుల చెప్పేటోనివి నువ్వే కదా?"

"అవ్ చెల్లె. ఇప్పుడు మైకు లేదు, గీ రేకున్నది" అన్నాడు. లోపల ఇంకా తడారలేదు. నాలుగు ఇటుకల మీద మంచం, మంచం మీద ఇంకో మంచం, దాని మీద ఆయన భార్య కూర్చుని ఉంది. "దీనికి మోకాళ్లు పనిచెయ్యవ్. నీళ్లు రాంగనే నలుగురం లేపి గట్ల పైకెక్కించినం. పొద్దుగూకేదాక దేవుని లెక్క కూసున్నది."

"దేవునికైతే కొబ్బరికాయన్న కొడతరు" అంది ఆమె పైనుంచి. "నాకు ఇంత చాయ గూడ పొయ్యలే."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇక్కడిదాకా నాకు ఏమీ అర్థం కాలేదు. అమ్మే అడిగింది, షట్టరు దించరా అన్నా, నీళ్లెట్ల వచ్చినయ్ అని.

"దించిన్రు. కానీ ఎగువ నుంచి కొట్టుకొచ్చిన దుంగ దాని కింద ఇరికింది. జానెడు సందు మిగిలింది. గది కట్ట మీద నిలవడితే కనవడది, తుమ్మలు అడ్డం. ఏట్ల నుంచే కనవడతది. గది గూడ ఇంజను ఆపితేనే." ఆయన రేకు పక్కన పెట్టి, గుమ్మం ముందు నిలిచిన నీళ్లలో ఒక ఆకు వేసి చూపించాడు. "మా కాలువ నీళ్లు బయటికి పోతుంటే ఆకు ఏట్లకు పోతది. ఏరు లోపలికి జొరబడుతుంటే ఆకు తూము దిక్కు మళ్లుతది. ఇంజను నడుస్తుంటే పడవ అలకు ఆకు ఎటు పోతదో ఎరుకగాదు. ప్రతి ట్రిప్పుకు జూస్తుంటి. మళ్లిందంటే ఇక్కడికి ఫోన్ గొడితే చాలు, గంటల ఇసుక మూటలు వేస్తుండిరి. ఆ పొద్దున గూడ పడవ మీదనే ఉన్న చెల్లె. ఆగకుండ పోయినం."

"ఆపమని చెప్పకపోతివా?"

"చెప్పకేంది? ఒకపాలి ఆపినం. గా ఆడపిల్ల గొంతు ఆగదు గదా, ముందుకు పోయింది. పడవ ఇక్కడుంటే ఆమె ఒడ్డు వచ్చింది దిగుండ్రి అంటది. జనం నవ్విన్రు, మేనేజర్ డ్రైవర్‌ను తిట్టిండు. ఎవరో హైదరాబాద్ ఇంజనీరంట, పద్ధతిగ లెక్కగట్టి పెట్టిండంట. ఆయనకేం ఎరుక, పాపం."

అమ్మ నా వైపు చూసింది. పక్కన అయిదారుగురు కంచాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను గరిటె ముంచి పెద్దాయన కంచంలో పప్పు పోశాను.

"ఇంకింత పొయ్యి సారు. మా ముసల్దానికి గూడ" అన్నాడు.

పోశాను. పక్క కంచానికి జరిగాను. దుంగ ఇరికించింది నేను కాదు. వాన కురిపించింది నేను కాదు. ఆ పూట నేను ఇలాంటివి ఒక ఆరేడు మనసులో పేర్చుకున్నాను. అన్నీ నిజమే. పేర్చిన కొద్దీ ఆ చివరి గీత, దాని మీద పెన్ను ఆనించి ఏం రాయాలా అని నేను ఆలోచించిన ఆ కాసేపు ఇంకా స్పష్టంగా కనిపించాయి. ఆ మాట నమ్మి రాసి ఉంటే తప్పు చేశాననుకునేవాణ్ణి. నేను నమ్మి కూడా రాయలేదు. గీత ఖాళీగా ఉందని రాశాను.

తిరుగు దారిలో వ్యాను సారపాక దాటింది. ఖాళీ గిన్నెలు వెనక మోగుతున్నాయి.

"నేనే చెప్దును ఆయనకు. నీకు నోరుందిగదా, నువ్వే చెప్తవని ఆగిన" అంది అమ్మ. "రాయనీకైతే పద్నాలుగు రాసినవ్. చెప్పనీకి ఒక్కటి రాలే?"

మరునాడు మేనేజరు దగ్గరకు వెళ్లాను. ఏరు పోటు మీద ఉండటంతో పడవలు కట్టేసి ఉన్నాయి. నేను రాసిన పేజీని చింపి, ప్లాస్టిక్ కాగితం వేయించి, టికెట్ల బల్ల వెనక గోడకు అంటించాడు. తూము దగ్గర రెండు నిమిషాలు ఆపాలని చెప్పాను.

"సైలెన్సా? మీరే గద సార్ తీసెయ్యమన్నది. గిదిగో, పద్నాలుగు."

"అది తప్పు రాశాను."

"మీరు తప్పెట్ల రాస్తరు సార్?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. ఆ నమ్మకం ముందు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆకు సంగతి, షట్టరు సంగతి వివరంగా చెప్పాను. విన్నాడు. సరే ఆపుదాం అన్నాడు. మైకు పెద్దాయనకే ఇవ్వమని అడిగాను. "ఇప్పుడు అంత మంచిగనే నడుస్తుంది గద సార్. ఆయన జాకెట్లు మస్తు కడుతుండు. ఒక్క బక్కెల్ గూడ ఊడలే" అన్నాడు. ఎన్ని రకాలుగా అడిగినా అదే మాట. నేను పెట్టించినదాన్ని నేనే తీయించలేకపోయాను.

రికార్డింగు ఇంటికి తెచ్చుకుని ల్యాప్‌టాప్‌లో కోసి రెండు నిమిషాల నిశ్శబ్దం అతికించాను. అది తేలిక. లాడ్జి దగ్గర 'నాలుగు' తీసి 'అయిదు' పెట్టాలనుకున్నాను. ఆ గొంతు ఇచ్చిన అమ్మాయి ఊరు విడిచి వెళ్లిపోయింది. ముప్పై ఎనిమిది నిమిషాల్లో ఎక్కడైనా ఆమె అయిదు అని ఉంటే ఆ ముక్క కోసి తెద్దామని మొత్తం విన్నాను. ఎక్కడా అనలేదు. నా మాటల్లో అయిదు లేదు.

కార్తీకంలో పడవలు మళ్లీ మొదలయ్యాయి. వెళ్లాను. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య పెద్దాయన స్నానఘట్టం మెట్ల మీద కూర్చుని జాకెట్లు ఎండలో పరుస్తున్నాడు. పక్కన కూర్చున్నాను. వచ్చే దారంతా మాటలు సర్దుకుంటూనే ఉన్నాను. చివరకు ఏ వరుసా లేకుండా చెప్పేశాను.

"పెద్దాయనా, హైదరాబాద్ ఇంజనీరు ఎవరూ లేరు. ఆ లిస్టు రాసింది నేను. రికార్డింగులో మాటలూ నావే."

ఆయన చేతిలో జాకెట్టు అలాగే ఉండిపోయింది.

"హైదరాబాద్ కాదా?"

"కాదు. పాల్వంచ."

"పాల్వంచ నుంచా!" దూరం తగ్గినందుకు కోపం వచ్చినట్టు అన్నాడు. కాసేపు జాకెట్టు పట్టీలు సరిచేశాడు. "ఎన్ని పాయింట్లు?"

"పద్నాలుగు."

"చదువు."

గోడకు అంటించిన పేజీ ఫొటో ఫోనులో ఉంది. చదవడం మొదలుపెట్టాను. గోడ మీద సుద్ద గీతలు ఎన్నో వేలు వేసి ఉంటాను, ఏ గోడా నన్ను చదవమని అడగలేదు. మొదటిది, ఎడమ కుడి తప్పు చెబుతున్నారు. "కరెక్టే. మా ముసల్ది గూడ అంటది" అన్నాడు. రెండోది, ఎత్తు తాటిచెట్లలో చెబుతున్నారు. "మీటర్లల్ల చెప్తే ముసలోళ్లకు ఎరుకైతదా?" నాలుగోది, మెట్ల సంఖ్య రెండుసార్లు రెండు రకాలుగా చెప్పారు. "ఏరు కొన్ని మెట్లు దాచుకుంటది సారు. పైనుంచి నీళ్లు వదిలితే గంటల రెండు మెట్లు మునుగుతయ్. తేలినయే చెప్త." ఏడోది, లాడ్జికి నాలుగు అంతస్తులే ఉన్నాయి.

"కట్ట దిగి జూశినవా?"

"తర్వాత చూశాను. అయిదు."

"ఎప్పుడు?"

"అన్నం తెచ్చిన రోజు."

అప్పుడు తలెత్తి నా ముఖంలోకి చూశాడు. "పప్పు పోసిన సారు నువ్వేనా? మీ అమ్మ మంచిగున్నదా?"

బాగుందని చెప్పాను. ఆ తర్వాతి పాయింట్లు ఎలా చదివానో తెలియదు. పెళ్లి బ్యాండు కథ అనవసరం అన్న దగ్గర మాత్రం ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "గిది మాత్రం తప్పు. గది తీసినంక పడవల ఒక్కరు నవ్వుతలేరు. శవాన్ని తీస్కపోయినట్టున్నది." పదమూడు అయ్యేసరికి డ్రైవరు హారను కొట్టాడు. పెద్దాయన లేచి జాకెట్లు భుజాన వేసుకున్నాడు.

"ఇంకొకటున్నది గదా. వచ్చినంక జదువు."

ఆ ట్రిప్పులో నేనూ ఎక్కాను. లాడ్జి దగ్గర అమ్మాయి గొంతు నాలుగు అంతస్తులు అంది. వెనక నుంచి పెద్దాయన, "అయిదు" అన్నాడు, మామూలుగా, ఎవరితోనో కాదన్నట్టు. ముందు వరుసలో కళ్లద్దాల మనిషి ఒకాయన వేలు చాపి లెక్కపెట్టాడు.

"నాలుగే కదా తాతా."

"గీ సారును అడుగుండ్రి. ఇంజనీరు."

పదిమంది నా వైపు తిరిగారు. "అయిదు" అన్నాను. ఒకటి కట్ట వెనక ఉంది, ఇక్కడి నుంచి కనిపించదు అని చెప్పబోయేలోపే స్పీకరులో నా వాక్యాలు మొదలయ్యాయి. నా గొంతు వాటి కింద పడిపోయింది. కళ్లద్దాల ఆయన మరోసారి లెక్కపెట్టుకుని, నా మీద జాలిపడ్డట్టు తల ఊపి, ఫోను తీశాడు.

తూము దగ్గర స్పీకరు ఆగింది. ఇంజను ఆగింది. ఖరాబైనట్టుంది అని ఎవరో అన్నారు. పెద్దాయన కడ్డీ దగ్గరకు వచ్చి, జేబులోంచి ఒక వేపాకు తీసి నీళ్లలో వేశాడు. అది కాసేపు అక్కడే తిరిగి, మెల్లగా ఏట్లోకి జరిగింది. ఆయనతో పాటు నేనూ చూశాను. ఇన్నిసార్లు ఆ పడవ ఎక్కి అక్కడ నీళ్లను చూడటం అదే మొదలు.

ఒడ్డుకు వచ్చాక అందరూ దిగేదాకా ఆగాను. ఆయన నా జాకెట్టు బక్కిలు విప్పుతూ, "ఊ, చదువు" అన్నాడు.

"తూము దగ్గర రెండు నిమిషాల నిశ్శబ్దం. చెప్పడానికి అక్కడ ఏమీ లేదు. తీసేయవచ్చు."

రెండో బక్కిలు దగ్గర ఆయన వేళ్లు ఆగాయి.

"గిది రాసేనాడు మీ అమ్మ పక్కన్నే ఉన్నదా?"

"ఉంది."

"ఏమనలే ఆమె?"

"నువ్వు నీళ్లలో ఏదో చూస్తున్నావని అంది. నేను వినలేదు."

ఆయన బక్కిలు విప్పి, జాకెట్టు తీసుకుని, నీళ్లు దులిపి, పలక అవతల వరుసలో నిలబడ్డ మొదటి మనిషికి తొడిగాడు.